బుట్ట నేల తాకలేదు

మా అన్నయ్య నిసార్ పోయింది అక్టోబరు ఎనిమిదో తేదీ, పొద్దున్న పది దాటాక. ఆ వేళ నా దగ్గర గడియారం లేదు. కానీ లోయ ఎడమ గోడను ఎండ అప్పుడే తాకింది. ఆ గోడ మీదికి ఏ నెలలో ఏ వేళకు ఎండ వస్తుందో మా బడిపిల్లలకు పన్నెండేళ్ళుగా నేనే చెబుతున్నాను. కాబట్టి ఆ లెక్కలో పొరపాటు లేదు.

ముందు అపో తఖీ నడుస్తున్నాడు. ఎనభై దాటిన మనిషి, ఊరందరికీ అపో, అంటే తాత, మంచు నాటడం తెలిసిన ఆఖరివాడు. ఆయన వెనక మేం పదహారుమందిమి, ఒకరి వెనక ఒకరు. అందరి వీపుల మీదా బుట్టలు. బుట్టలో అడుగున బొగ్గు, పైన గోధుమ పొట్టు, మధ్యలో మంచుగడ్డ. ఎనిమిది బుట్టల్లో మగ మంచు. అది రాళ్ళూ మట్టీ కలిసి నల్లగా ఉంటుంది, నీరు పిసినారిగా వదులుతుంది. ఎనిమిదింటిలో ఆడ మంచు. నీలం తేలిన తెలుపు, నీటికి కొరత ఉండదు. రెండింటినీ రెండు కొండల నుంచి తెచ్చి, ఎండ పడని ఎత్తున రాళ్ళ కింద కలిపి పాతితే, పదేళ్ళకో పన్నెండేళ్ళకో అక్కడ కొత్త మంచు పుట్టి నిలుస్తుంది. మా ముత్తాతల నాటు ఒకటి ఇప్పటికీ పక్క లోయకు నీళ్ళిస్తోంది.

మోతకు నియమాలు రెండు. బుట్ట భుజానికెత్తిన క్షణం నుంచి నాటే చోటు చేరేదాకా అది నేల తాకకూడదు. మోసేవాడి నోట మాట రాకూడదు. ఏది తప్పినా ఆ ఏడాది మంచు మొత్తం చచ్చినట్టే, మళ్ళీ మొదటినుంచి మోయాలి.

అన్నయ్య నాలుగోవాడు. అతని వెనకే అతని బావమరిది రజబ్. నేను ఏడోవాణ్ణి. దారి అక్కడ వంపు తిరుగుతుంది కాబట్టి నాకు అన్నయ్య పక్కనుంచి కనిపిస్తున్నాడు. అతని నెత్తి మీదున్న రాళ్ళగోడ కూడా కనిపిస్తోంది. ఎప్పుడో పాత మంచు ఈ లోయలోంచి వెనక్కి తగ్గుతూ వదిలేసిపోయిన రాళ్ళకుప్ప అది. రాత్రి చలి ఆ రాళ్ళను గడ్డకట్టి పట్టుకుంటుంది. పొద్దున్న ఎండ వచ్చి వదిలేస్తుంది. ఇది కూడా నేను చెప్పే పాఠమే.

ముందు గులకరాళ్ళు జారాయి. తర్వాత కాస్త దుమ్ము లేచింది. ఆ దుమ్ములో తిరగలి అంత రాయి ఒకటి ముందుకు ఒరగడం చూశాను. ఒరిగి ఆగింది. మళ్ళీ ఒరిగింది.

నేను అరవలేదు.

రాయి అన్నయ్య మెడకూ భుజానికీ మధ్య పడింది. తాడు జారి బుట్ట పక్కకు వాలింది. వెనకనుంచి రజబ్ రెండు చేతులూ చాచాడు. ఆ చేతులు బుట్టను పట్టుకున్నాయి. అన్నయ్య వాటి పక్కనుంచి వాగులోకి జారిపోయాడు.

ఎవరూ మాట్లాడలేదు. అపో తఖీ వెనక్కి తిరిగాడు. కిందికి చూశాడు. చేతికర్ర ఎత్తి పైకి చూపించాడు. వరస కదిలింది. రజబ్ వీపున ఒక బుట్టతో, గుండెల మీద ఒక బుట్టతో కదిలాడు.

నేను కదలలేదు. అదేదో గొప్ప పనిగా చెప్పుకోవడం లేదు. బుట్టతో ఆ వాలు దిగడం కుదరదు. బుట్ట దించితే దిగొచ్చు. దించలేదు. పై మలుపులో కాచుకున్న వంతు మనిషి వచ్చి, నాకు వీపు తిప్పి, నా బుట్ట తన భుజానికి మార్చుకునేదాకా అక్కడే నిలబడి ఉన్నాను. కింద అన్నయ్య కాలు కదులుతూ ఉండటం కనిపిస్తూనే ఉంది.

నేను దిగేసరికి బతికే ఉన్నాడు. కళ్ళు తెరిచి నన్ను చూశాడు. నేను నోరు తెరిచాను. అతను తల అడ్డంగా ఊపాడు. నోరు మూసుకున్నాను. ఆ తర్వాత అతను దేన్నీ చూడలేదు.

సాయంత్రం మిగతావాళ్ళు దిగివచ్చారు. మసీదు అరుగు మీద కూర్చుని అపో తఖీ నోరు విప్పి అన్న మొదటి మాట ఇది: "పదహారు బుట్టలూ చేరాయి. ఒక్కటీ నేల తాకలేదు."

*

అంతకు ముందు రోజు, ఆడ మంచు తవ్వుతున్నప్పుడు, అందరం నవ్వుకున్నాం. మోత మొదలయ్యేదాకా మాట్లాడవచ్చు. అందుకని ఆ పూట ప్రతివాడూ రెండు రోజుల మాటలు కలిపి మాట్లాడతాడు.

రజబ్ మా వదిన కనీజ్‌కు తమ్ముడు. నన్ను చూస్తే అతని నాలుక దురదపెడుతుంది.

"ఏం మాస్టారు బావా, బళ్ళో నలభైమంది నోళ్ళు మూయిస్తావు. రేపు నీ నోరెవరు మూయిస్తారు?"

"నన్ను నీ వెనక నడిపిస్తే చాలు. ఆ గొర్రెకంపుకి నోరూ ముక్కూ రెండూ వాటంతట అవే మూసుకుంటాయి."

"నా కంపు కాదు బావా, మీ అన్నయ్య ముందు నడుస్తాడు కదా, గాలి అటునుంచి వస్తుంది."

అన్నయ్య పట్టించుకోలేదు. మంచు చెక్కుతూ, "ఇద్దరినీ ఒకే బుట్టలో పెట్టి పాతేద్దాం, పదేళ్ళకు ఏం మొలుస్తుందో చూద్దాం," అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు.

అపో తఖీ నవ్వలేదు. "ఈ మాస్టారిని తీసుకురావడం నాకిష్టం లేదు నిసార్," అన్నాడు, నేను అక్కడ లేనట్టే. "మంచులో మగేమిటి, ఆడేమిటి అని పిల్లలకు చెబుతాడంట. నమ్మనివాడి నోరు నిలవదు. దారిలో ఏదో ఒకటి వాగుతాడు. ఊరి కష్టం ఏట్లో కలుస్తుంది."

"నమ్మకపోతే పోనీ అపో. మాటిస్తే తప్పడు," అన్నాడు అన్నయ్య. "మా వాడి నోటికి నాదే పూచీ."

అది విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. నన్ను చిన్నపిల్లాడిలా చేశాడనిపించింది. రేపు ఏమైనా సరే వీళ్ళకు మాట అనే అవకాశం ఇవ్వకూడదని పళ్ళు బిగించాను. నా మౌనంలో నమ్మకం పాలు ఏమీ లేదు. నమ్మినవాడు నోరు మూసుకుంటే దానికొక అర్థముంది. నేను మూసుకున్నది పంతానికి.

*

మూడో రోజు ఫాతిహా ప్రార్థనకు ఊరంతా వచ్చింది. ఆడవాళ్ళు లోపల, మగవాళ్ళు పెరట్లో. ఉప్పు టీ తాగారు. రొట్టెలు తిన్నారు. ఎండు ఖుబానీలు నములుతూ గింజలు దోసిట్లోకి ఊసుకున్నారు. అందరూ మెల్లగానే మాట్లాడారు. ఆ మెల్లని మాటల్లో ఏదో తృప్తి ఉంది. ముందు దాన్ని పోల్చుకోలేకపోయాను.

అపో తఖీయే విప్పి చెప్పాడు. నా పక్కన కూర్చుని నా మోకాలి మీద చెయ్యేశాడు.

"కుమిలిపోకు యావర్. మగ మంచు తన మనిషిని తాను తీసుకుంది. ఇక నాటు పట్టినట్టే. మా నాన్న కాలంలో కూడా ఇంతే. ఒకడు ఇదే వాగులో పోయాడు. ఆ నాటే ఇప్పుడు పక్క లోయను బతికిస్తోంది."

"పోయినవాడి పేరేమిటి అపో?"

"ఎవరు?"

"ఆ ఒకడు."

ఆయన ఆలోచించాడు. పక్కనున్న ముసలాయన వైపు చూశాడు. ఆ ముసలాయన మరొకరి వైపు చూశాడు. పెరట్లో ముప్ఫైమంది ఉన్నారు. ఒక్కడికీ తెలియలేదు. పక్క లోయలో ఎన్ని చెట్లు బతుకుతున్నాయో మాత్రం చెప్పారు.

అందరూ వెళ్ళాక వదిన గిన్నెలు తోముతూ నన్ను పిలిచింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఆమె చేతులు ఎర్రబడ్డాయి. తల ఎత్తలేదు.

"ఆఖరికి ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు వదినా."

"పిల్ల పేరైనా?"

"లేదు. తల ఊపాడు."

"ఎలా ఊపాడు?"

ఊపి చూపించాను. ఆమె తలెత్తి చూసింది.

"నువ్వు వెనకే ఉన్నావు కదా యావర్. నీకు రాయి కనిపించలేదా?"

"లేదు," అన్నాను.

ఆ ఇంట్లో పదమూడేళ్ళుగా ఆమె చేతి అన్నం తింటున్నాను. ఆమెతో అబద్ధం చెప్పడం అదే మొదలు.

*

పదో రోజున బడికి వెళ్ళాను. ఆరో తరగతికి వరసలో వచ్చిన పాఠం మంచు నదులు చేసే పనుల గురించి. దాటవేసి వేరే పాఠం చెప్పొచ్చు. అలా చేస్తే పిల్లలకు కారణం తెలిసిపోతుందని దాన్నే తీశాను. అన్నయ్య కూతురు మర్జియా మూడో వరసలో కూర్చుని ఉంది. ఆమె మళ్ళీ బడికి రావడం కూడా ఆ రోజే.

మంచు నది చేసే పనులు మూడని బోర్డు మీద రాశాను. కోయడం, మోయడం, దించడం.

"మన లోయ గోడల మీద అడ్డంగా గీతలెందుకున్నాయి?"

"మంచు కింద చిక్కుకున్న రాళ్ళు గీకాయి సర్."

"మన ఊరు దేని మీదుంది?"

"మంచు దించిపోయిన రాళ్ళ మీద సర్."

"పొలంలో ఎవరివల్లా కదలని ఆ పెద్ద బండ ఎక్కడిది?"

"అదీ మంచే మోసుకొచ్చింది సర్. ఎత్తలేక పడేసిపోయింది."

పిల్లలు నవ్వారు. నేను కూడా నవ్వబోయాను. అప్పుడు ముందు వరసలోంచి బిల్కీస్ లేచింది. తెలివైన పిల్ల. చెడ్డ మనసు లేని పిల్ల.

"సర్, మా నానమ్మ అంది, మర్జియా వాళ్ళ నాన్నను తీసుకుంది కాబట్టి మన మంచు ఇంక చావదంట సర్. వచ్చే పదేళ్ళకు అందరికీ రెండు పంటలంట."

కూర్చోమన్నాను. ఆ పిల్ల కూర్చోలేదు. "నిజమేనా సర్?" అంది.

నేను అరిచాను. ఏమని అరిచానో నాకు గుర్తులేదు. పక్క గదిలోంచి హెడ్మాస్టరు పరుగెత్తుకొచ్చాడు. బిల్కీస్ ఏడవడం మొదలుపెట్టింది. వాగు అవతలి గట్టు మీద మేకలు కాస్తున్నవాళ్ళు ఆగి బడివైపు చూశారని తర్వాత తెలిసింది.

అంత గొంతు నాకుంది. అవతలి గట్టుకు వినిపించే గొంతు. మర్జియా ఏడవలేదు. బిల్కీస్ వైపు కూడా చూడలేదు. నా వైపే చూసింది.

ఆ వారమే, సెలవు రోజున, ఒంటరిగా ఆ వంపు దగ్గరికి వెళ్ళాను. నేను ఆ రోజు నిలబడ్డ చోటే నిలబడ్డాను. ఒక రాయి ఒరగడానికి, ఆగడానికి, మళ్ళీ ఒరిగి పడటానికి ఎంతసేపు పట్టిందో నా ఒళ్ళంతటికీ తెలుసు. "అన్నా, పైన!" అని అని చూశాను. ఆ వ్యవధిలో నాలుగుసార్లు అనొచ్చు. ఒక్కసారి చాలు.

*

నాటు మీద రెండో పొర వేయాలి. మంచు కురిసి దారి మూతపడకముందే ఇంకో పదహారు బుట్టలు మోయాలి. నలభయ్యో దినం కాగానే, నవంబరు పదిహేడున మోత అని అపో తఖీ నిర్ణయించాడు. ఇంటికో భుజం. ముప్ఫై ఒక్క ఇళ్ళలో సగం మోస్తే సగం వంతు మనుషులు. మొదటిసారి మా ఇంటి భుజం అన్నయ్య, నేను మనిషి లేని ఇంకో ఇంటి బదులు వెళ్ళాను. ఇప్పుడు మా ఇంటి భుజం నేనే.

ఊరికి నీళ్ళు వద్దని నేను అనను. జూన్ వచ్చేసరికి మా వాగులో రాళ్ళు తేలుతాయి. పాత మంచు కొండ భుజం వెనక్కి వెళ్ళిపోయింది. నా బార్లీ కూడా ఎండుతోంది. నాకు కావలసింది ఒక్కటే. ప్రాణం మీదికొచ్చినప్పుడు అరవొచ్చు అనే మాట రెండో మోతకు ముందే నియమంలో చేరాలి. లేకపోతే అదే దారిలో, అదే గోడ కింద, అదే ఎండ వేళకు మళ్ళీ పదహారుమంది నోళ్ళు మూసుకుని నడుస్తారు.

నవంబరు పన్నెండున మసీదు ముందు అందరూ చేరారు. ఆడవాళ్ళు చుట్టూ ఇళ్ళ కప్పుల మీద నిలబడ్డారు. నేను లేచి నా మాట చెప్పాను. రాసుకుని వెళ్ళాను. కాగితం చూడకుండానే చెప్పాను.

అపో తఖీ కోప్పడలేదు. కోప్పడితే నాకు సులువుగా ఉండేది.

"యావర్, నువ్వు చదువుకున్నవాడివి. నేనొకటి అడుగుతా చెప్పు. ఈ ముప్ఫై ఒక్క ఇళ్ళు ఎప్పుడైనా ఒక మాట మీద నిలబడ్డాయా?"

"లేదు."

"నీళ్ళ వంతుల దగ్గర తలలు పగలగొట్టుకున్నాం. పెళ్ళిళ్ళలో కొట్టుకున్నాం. చావుల్లో కూడా కొట్టుకున్నాం. మోతనాడు మాత్రం ఒకడి వెనక ఒకడు నడుస్తాం. ఎందుకు నడవగలుగుతున్నాం? ఎవడూ నోరు తెరవడు కాబట్టి. ఈ ఏడు రాయి పడుతోందని ఒకడు అరుస్తాడు. పై ఏడు కాలు జారిందని ఒకడు. ఆ పైన, నా ముందెందుకు నడుస్తున్నావని ఒకడు. అప్పుడు మంచూ ఉండదు, ఊరూ ఉండదు."

చాలామంది తలలూపారు. అది తెలివితక్కువ మాట కాదు. ఆ సంగతి నాకూ తెలుసు.

"అంటే మన కొట్లాటలకు మా అన్నయ్య జరిమానా కట్టాడన్నమాట," అన్నాను.

"మాటలు నీకు బాగా వచ్చు," అన్నాడు ఆయన. "సరే, అరవొచ్చనే అనుకుందాం. ఆ రోజు ఎవడు అరిచేవాడు? రాయిని ఎవడు చూశాడు?"

రజబ్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నెలకు పైగా అతను ఎవరినీ వెక్కిరించడం లేదు. "ఎవడూ చూడలేదు అపో," అన్నాడు నేలవైపు చూస్తూ. "కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోయింది."

మా ఇంటి కప్పు మీద వదిన నిలబడి ఉంది. పక్కన మర్జియా.

"నేను చూశాను," అన్నాను.

"ఏం చూశావు?"

"గులకరాళ్ళు జారడం చూశాను. రాయి ఒరగడం చూశాను. చాలాసేపు చూశాను."

"చూసి?"

"నోరు మూసుకున్నాను."

రజబ్ తలెత్తాడు. కప్పుల మీద ఆడవాళ్ళలో ఎవరో గుండెలు బాదుకున్నారు. నన్ను తిడతారనుకున్నాను. రాళ్ళేస్తారనుకున్నాను. అందుకు సిద్ధపడే వెళ్ళాను.

అపో తఖీ కర్ర సాయంతో లేచాడు. అరుగు దిగాడు. నా ముందుకొచ్చి నా కుడిచెయ్యి అందుకుని ముద్దు పెట్టుకున్నాడు.

"విన్నారా?" అన్నాడు జనంవైపు తిరిగి. "నమ్మకం లేనివాడని నేనే ఇతణ్ణి తప్పుపట్టాను. తోడబుట్టినవాడి మీద రాయి పడుతుంటే చూసి కూడా ఊరికిచ్చిన మాట తప్పలేదు. ఇలాంటివాడు మా నాన్న కాలంలో కూడా లేడు. ఇంకా నియమం మార్చమని ఎలా అడుగుతావురా యావర్? ఆ నియమం నువ్వే!"

ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. నా చెయ్యి పట్టుకున్నారు. కళ్ళకద్దుకున్నారు. నేను బళ్ళో కొట్టిన పిల్లల తండ్రులు, నన్ను నాస్తికుడని వెనక తిట్టేవాళ్ళు, అందరూ వచ్చారు. నేను ఏదో చెప్పబోయాను. ఎవరికీ వినే తీరిక లేదు. నేను ఏ మాటతో ఆ నియమాన్ని కూల్చాలనుకున్నానో ఆ మాటను తీసుకుని దానికే గోడ కట్టుకున్నారు.

రజబ్ అందరికంటే ఆఖరున వచ్చాడు. నా చెయ్యి ముట్టుకోలేదు.

"నువ్వు అరిచుంటే," అన్నాడు, "నేను బుట్ట పట్టుకునేవాణ్ణి కాదు బావా."

అని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు.

*

ఇంటికి వచ్చేసరికి వదిన పొయ్యి దగ్గర ఉంది. రొట్టె కాలుస్తోంది. నేను గుమ్మంలోనే ఆగాను.

"లోపలికి రా. చలి వస్తోంది."

వచ్చి కూర్చున్నాను. నా ముందు రొట్టె పెట్టింది. టీ పోసింది. అన్నీ మామూలుగానే చేసింది. అప్పుడు అంది:

"ఆ రోజు నేనడిగితే కనిపించలేదన్నావు."

"అన్నాను."

"ఇవాళ ఊరందరి ముందూ చెప్పావు. నాకొక్కదానికీ చెప్పడానికి నోరు రాలేదు."

నేను టీ గిన్నె చేతిలోకి తీసుకున్నాను.

"అదీ సరే. భయపడ్డావనుకుంటా. కానీ వాళ్ళు నీ చెయ్యి కళ్ళకద్దుకుంటుంటే చూశాను. ఒకడి తర్వాత ఒకడు. ముప్ఫైమంది." పెనం మీద రొట్టె తిప్పింది. "నువ్వు చెయ్యి వెనక్కి తీసుకోలేదు యావర్."

నేను రొట్టె పక్కన పెట్టాను. ఆమె మాత్రం తిన్నది. మర్జియాకు పెట్టింది. గిన్నె కడిగింది. చెయ్యి తుడుచుకుంటూ ఏదో లెక్క తేల్చుకున్నదానిలా అడిగింది:

"నోరు మూసుకోవాలన్న నియమం మోసేవాళ్ళకే కదా?"

"అవును."

"బుట్ట లేనివాళ్ళకు?"

"అపో తప్ప బుట్ట లేనివాళ్ళు వరసలో నడవరు వదినా."

"నడిస్తే?"

మర్నాడు పొద్దున్నే ఆమే అపో తఖీ ఇంటికి వెళ్ళింది. నేను వెనక వెళ్ళాను. ఆయన పెరట్లో ఎండలో కూర్చుని ఉన్నాడు. వదిన కూర్చోలేదు.

"అపో, వరస పక్కన నేను నడుస్తా. ఖాళీ చేతులతో. గోడవైపు చూస్తూ. రాయి కదిలితే నేనరుస్తా. మీవాళ్ళెవరూ నోరు తెరవక్కర్లేదు. మీ నియమం మీకుంటుంది, మా మగవాళ్ళు మాకుంటారు."

"ఆడమనిషివి, నువ్వు మోతలోకా?"

"ఆడ మంచును వీపున మోస్తారు, ఆడమనిషి పక్కన నడిస్తే మైలపడతారా?"

ఆయన నా వైపు చూశాడు, ఆమెను కట్టడి చేయమన్నట్టు. నేను నోరు మెదపలేదు. ఈసారి నా మౌనం ఎవరి పక్షమో ఆయనకు అర్థమైంది.

"నా చేతిలో లేదమ్మా," అన్నాడు చివరికి. "ముప్ఫై ఒక్క ఇళ్ళూ ఒప్పుకోవాలి. ఒక్క ఇల్లు కాదన్నా పాత పద్ధతే."

మోతకు నాలుగు రోజులుంది. కానీ ఆ మర్నాడే మంచు పడటం మొదలై మూడు రోజులు ఆగలేదు. దారి మూతపడింది. రెండో మోత వచ్చే అక్టోబరుకు వాయిదా పడింది. మొదటి పదహారు బుట్టలూ అక్కడే రాళ్ళ కింద ఉన్నాయి. బతికాయో లేదో వేసవిలో వెళ్ళి చూసినవాళ్ళు తలొకరూ తలొక మాట చెప్పారు.

ఇప్పుడు ఆగస్టు. వాగు జూన్‌లోనే ఎండింది. పదవులూ గౌరవాలూ నాకెప్పుడూ లేవు కానీ ఈ ఏడు ఏ గుమ్మానికి వెళ్ళినా లేచి నిలబడి ఎదురొస్తున్నారు. నియమం నిలబెట్టిన మాస్టారు వచ్చాడని పరుపు వేస్తున్నారు. ఆ పరుపు మీదే కూర్చుని, ఆ గౌరవాన్నే వాడుకుని, సిగ్గు లేకుండా, వదిన నడవడానికి ఒప్పుకోమని అడుగుతున్నాను. కొందరు వెంటనే ఒప్పుకున్నారు. కొందరి గడప నాలుగుసార్లు ఎక్కాల్సి వచ్చింది. బిల్కీస్ వాళ్ళ నానమ్మ నన్ను శాపనార్థాలు పెట్టి, ఆ పైన ఒప్పుకుంది. అపో తఖీ ఇల్లు కూడా ఒప్పుకుంది. ఆయన కాదు, ఆయన కోడలు.

మా ఇంటితో కలిపి ముప్ఫై ఇళ్ళయ్యాయి. రజబ్ గుమ్మం నేనింకా తొక్కలేదు.